అక్కకు గాలి సోకలేదు, జబ్బు చేసింది

ఆదోని నుంచి ఒక చెల్లెలు రాశారు: 'అక్కకు కాన్పయి మూడు నెలలు. మా ఇంట్లోనే ఉంది. పాప పడుకున్నా తనకు నిద్ర పట్టదు. పాప ఏడిస్తే గోడవైపు తిరుగుతుంది. "నేను తల్లిగా పనికిరాను" అంటుంది. గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. డాక్టరంటే ఒప్పుకోదు. పిచ్చిదన్న పేరు పడుతుందని, మాత్రలతో పాలు చెడతాయని భయం. ఐదో నెలలో అత్తగారింటికి పంపాలి.'

అమ్మా, ముందు ఈరోజే ఒక పని చేయండి. ఇద్దరే ఉన్నప్పుడు, "అక్కా, చచ్చిపోవాలనిపిస్తోందా? పాపను ఏమైనా చేయాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, పొంతనలేని మాటలు మాట్లాడినా ఆమెను ఒంటరిగా వదలకండి. పాపను ఇంకొకరికి అప్పగించి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీరు రాసింది చూస్తే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌లా ఉంది. తేల్చి చెప్పాల్సింది డాక్టరే. కాన్పయిన రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో అదే పోతుంది. మూడు నెలలకూ తగ్గకపోతే అది జబ్బే. బిడ్డ మీద ప్రేమ లేక గోడవైపు తిరగడం లేదు ఆమె. థైరాయిడ్ తేడా వచ్చినా, రక్తం తక్కువైనా ఇలాగే నీరసపడతారు కాబట్టి ఆ రెండు పరీక్షలూ చేయించమని అడగండి.

కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేలోపు 14416కు, అదే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు ఫోన్ చేస్తే ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. ఓపీకి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పటినుంచి ఇలా ఉంది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, తిండి ఎంత, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా. పాలిస్తున్నదని మొదటే చెప్పండి. డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్ లాంటి మందు పాలల్లోకి చాలా కొద్దిగానే పోతుంది, పాలిచ్చే తల్లులకు తరచూ రాసేదే.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి వారం వికారం, తలనొప్పి ఉంటాయి, గుణం కనబడదు. పది రోజులు చూసి మాత్రలు పారేస్తారు. మందు పట్టుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఈ మాత్రలకు మత్తు అలవాటు కాదు గానీ, ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి. అలవాటు పడేవి నిద్రమాత్రలు. మెడికల్ షాపులో అడిగి అవి తెచ్చి ఇవ్వకండి.

మందుతో పాటు నిద్ర ముఖ్యం. రాత్రి ఒక పూట పాలు పిండి పెట్టుకుని పాపను మీరో, అమ్మో చూసుకోండి. అక్కకు నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరకాలి.

అమ్మతో తాయెత్తు తీసేయమని గొడవపడొద్దు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకోనివ్వండి, మాత్రలు మాత్రం మానకూడదని చెప్పండి. పేరు పడుతుందన్న భయానికొస్తే, రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. ఊరికి చెప్పక్కర్లేదు, బావగారికి మాత్రం చెప్పాలి, అదీ అక్క ఒప్పుకున్నాకే. దాచి పంపితే అక్కడ మాత్రలు ఆగిపోతాయి. "అక్కకు కాన్పు తర్వాత వచ్చే జబ్బు చేసింది బావా, మందులు వాడుతున్నాం, ఓపీకి మీరూ వస్తే బాగుంటుంది" అనండి. ఆరోగ్యం కుదుటపడే వరకు ఐదో నెల ప్రయాణం వాయిదా వేయమని కూడా ఆ ఫోన్‌లోనే అడగండి.