తరుగు

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

నీ నవల రాతప్రతి అందింది. మూడు రాత్రుల్లో పూర్తి చేశాను. రెండో రాత్రి కరెంటు పోతే ఫోన్ లైటు పెట్టుకుని చదివాను. కాబట్టి ఏం తిడతానో అని టెన్షన్ పడకుండా చదువు.

మొదటి రెండు అధ్యాయాల్లో ఒక్క మాట కూడా మార్చకు. బెంగళూరు అమ్మాయి అమ్మమ్మ పెద్దకర్మకి బరంపురం రావడం, మావయ్యలు భోజనాల దగ్గరే ఇంటి వాటాల ఊసెత్తడం, సంతకానికి పెన్ను కూడా వాళ్లే జేబులోంచి తీసివ్వడం, ఇదంతా చూసినవాళ్లే రాయగలరు. మూడో అధ్యాయంలో అటక మీద ట్రంకు పెట్టె దొరికింది. అందులో డైరీ. 1866 కరువులో బతికిన మూలపుటమ్మ స్వయంగా రాసుకున్న డైరీ! అక్కడ కాగితాలు పక్కన పెట్టి లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను.

1901 జనాభా లెక్కల నాటికి కూడా మన దేశంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు లేరు. దేవదాసీల ఇళ్లలో చదువుకున్నవాళ్లు ఉండేవారు, నిజమే. కానీ నువ్వు రాసింది చేనేత ఇంటి కోడలి గురించి. సరే, ఏదో విధంగా అక్షరాలు నేర్చుకుందనే అనుకుందాం. అయినా ఆ డైరీ నీకు మేలు చేయదు. పార్సిల్ విప్పినట్టు అన్నీ అందులోనే దొరికిపోతే ఇక నీ బెంగళూరు అమ్మాయికి పనేముంది? చదవడం, ఏడవడం. నవలంతా ఆ పిల్ల ఆ రెండు పనులే చేసింది, నువ్వే చూసుకో. ఏమీ రాయకుండా పోయిన మనిషిని ఎక్కడని వెతుకుతుందో చెప్పు, అప్పుడు నేను నిద్ర మానుకుంటాను.

వెతకాలంటే మన ఇళ్ల సంగతి తెలియాలి. మగవాళ్ల వరస పట్టుకోవడం తేలిక, ఇంటిపేరు ఉంటుంది. తల్లి, తల్లి తల్లి అనుకుంటూ వెనక్కి వెళ్తే ప్రతి తరానికీ ఇంటిపేరు మారిపోతుంది. ఆరు తరాలు వెనక్కి వెళ్తే ఒక మనిషికి అరవై నలుగురు పూర్వీకులు, అందులో ముప్పై ఇద్దరు ఆడవాళ్లు. నువ్వు పట్టుకున్నది వాళ్లలో ఒక్కరిని. మిగతా ముప్పై ఒక్కరినీ ఎందుకు వదిలేశావో నవల చెప్పకపోయినా నీకు తెలిసి ఉండాలి. పైగా మనవి మేనరికాల ఇళ్లు. మేనమామకి ఇచ్చిన ఇంట్లో లెక్క అరవై నాలుగు కాదు, తగ్గుతుంది. ఒకే ఆవిడ తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ రెండుసార్లు ఎదురొస్తుంది. ఇది మన దగ్గరే దొరికే కథ. వేరేచోట రాసేవాళ్లకి ఈ వీలు లేదు, నువ్వేమో దాని జోలికే పోలేదు.

ఇంటిపేరు పోయినా పేరు మిగులుతుంది. నాన్నమ్మ పేరు మనవరాలికి పెట్టడం మనకు అలవాటు కదా. అంటే ఒక తరం విడిచి ఒక తరంలో అదే పేరు పైకి తేలుతుంటుంది. ఇంకో తమాషా, అత్తగారి పేరు పెట్టుకున్న పిల్లని కోడలు ఆ పేరుతో పిలవదు. బుజ్జి అంటుంది, చిట్టి అంటుంది. స్కూలు రిజిస్టర్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. నీ బెంగళూరు అమ్మాయి ఆధార్ కార్డు మీద ఉన్న పేరుతో ఆమెను ఇంట్లో ఎవరూ ఎందుకు పిలవరో, అక్కడి నుంచి మొదలుపెట్టి చూడు. నాకైతే అటక కన్నా అది పెద్ద పెట్టె అనిపిస్తోంది.

తర్వాత ఆ కంటె. ఆరు తరాల నాటి కంటె చెక్కు చెదరకుండా మెడలో పడిందని రాశావు. సినిమాలో బాగుంటుంది. మన ఇళ్లలో నగలు ఎక్కడ నిలిచాయి? పెళ్లికో పురిటికో కరిగిస్తాం. తాతమ్మ కంటె అమ్మమ్మకి గాజులవుతుంది, గాజులు అమ్మకి నల్లపూసల గొలుసవుతాయి, అందులో ముక్క నీకు చెవిరింగులవుతుంది. కరిగించిన ప్రతిసారీ కంసాలి ఇంత తరుగు తీస్తాడు. బంగారం అదే, నగ అది కాదు, తూకమూ అది కాదు. నీ నవలకి ఇంతకన్నా మంచి వెన్నుపూస నేను ఇవ్వలేను. కరువులో ఆ కంటెలో సగం తాకట్టుకి పోయి ఉంటుంది. తిరిగి రాలేదనుకో. వచ్చిన సగమే ఇప్పుడు ఈ పిల్ల చెవులకి ఉంది. ఆ సంగతి ఆమెకి ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు, చెప్పేవాళ్లకి ఎంత తెలుసు, ఎంత కల్పిస్తున్నారు? రాయాల్సింది అదీ.

ఇక తప్పులు. ముందు నాది చెప్తాను, నీకు ధైర్యంగా ఉంటుంది. ఎప్పుడో ఒక వారపత్రికలో నా సీరియల్ వచ్చేది. అందులో కథానాయికని 1895లో నౌపడాలో రైలెక్కించి పర్లాకిమిడిలో దింపాను. ఇంజన్ కూత, బొగ్గు పొడి, కంట్లో నలుసు, అన్నీ పెట్టాను. వారం తిరక్కుండా ఒక పాఠకుడి పోస్టుకార్డు. ‘అమ్మా, ఆ లైను వేసింది 1900లో. మీ అమ్మాయి అయిదేళ్లు నౌపడాలో కూర్చోవాలి, భోజనం ఏర్పాట్లు చూడండి.’ ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను. సిగ్గుతో కొన్నాళ్లు, ఇష్టంతో చాలా ఏళ్లు.

నీవి చెప్తున్నాను, రాసుకో. నీ ఆవిడ భూమి పత్రం మీద వేలిముద్ర వేసింది. కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టిందే 1897లో. 1866లో ఇక్కడ చదువు రానివాళ్లు ఏదో గీత గీసి నిశానీ పెడితే, పక్కన పేరు రాసేది కరణం. ఆవిడ పేరు ఇంకొకడి చేతిరాతలోనే మిగిలింది! దీన్ని నువ్వు వాడుకోకుండా వదిలేస్తే ఊరుకోను. తర్వాత, ఆవిడ రుషికుల్య కాలవలో నీళ్లు ముంచుకుంది. ఆ కాలవలు తవ్వించింది ఆ కరువు చూశాకే. ఇంటికొచ్చిన చుట్టానికి టీ ఇచ్చింది, అది కొట్టేసెయ్. ‘ఒడిశా నుంచి ఆంధ్రాకి వలస పోయారు’ అని రాశావు. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, శ్రీకాకుళం కూడా ఆ జిల్లాలోదే. కటకం, పూరీ కలకత్తా పాలనలోవి. మన పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. అప్పుడే గిడుగు రామమూర్తి గారు ఎన్నో ఏళ్లు బతికిన ఈ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మనుషులు కదలకుండా సరిహద్దు ఇంటి మీదుగా దాటిపోయిన చోటు మనది. నీ ఆవిడకి ఆ గీత లేదు, నీ బెంగళూరు అమ్మాయికి ఉంది. ఇద్దరి నోటా ఒకే ఊరి పేరు వచ్చినా ఆ ఊరు ఒకటి కాదు.

అసలు ఆవిడ 1866 అని ఎందుకంటుంది? పూరీ వైపు ఆ కరువుని నఅంక అన్నారు, పూరీ గజపతి దివ్యసింహ దేవుడి తొమ్మిదో అంకం. అంకమంటే రాజు ఏలుబడి ఏళ్ల లెక్క. ఆ లెక్కలో ఒకటి, ఆరు ఉండవు, అంచేత తొమ్మిదో అంకమంటే నిజానికి ఏడో ఏడు. మన పంచాంగంలోనేమో ఆ ఏడు ఉగాదికి వచ్చింది అక్షయ నామ సంవత్సరం. దాన్నే క్షయ అని కూడా అంటారు. ఒక్క అక్షరం తేడా, అమ్మలూ. పంతులు పంచాంగం చదువుతుంటే ఖాళీ గాదె పక్కన కూర్చుని విన్న మనిషి ఏమనుకుని ఉంటుందో ఆలోచించు. ఒడిశా వైపు పది లక్షల మంది పోయారని లెక్క. నువ్వు ఆ అంకె నాలుగుసార్లు రాశావు. ఒక్కసారి చాలు, అదీ చివర్లో, ఈ కాలం అమ్మాయికి తెలిసినట్టుగా. ఆవిడకి తెలిసింది ఏ ఇంట పొయ్యి వెలగలేదో అంతే.

ఇప్పుడు కాస్త కఠినంగా మాట్లాడతాను. ఇరవై రెండో పేజీలో ఆవిడ మొగుడితో ‘నా జీవితం, నా నిర్ణయం’ అంది. అది నీ మాట, ఆవిడ మాట కాదు. నువ్వు ఆవిడని నీకు నచ్చేలా దిద్దావు. నీకు నచ్చని పనేదైనా ఆవిడ చేత చేయించగలవా? పెద్దపిల్ల ముద్ద తీసి మగపిల్లాడికి పెట్టిందనుకో. ఆ మగపిల్లాడి వంశమే ఈ మావయ్యలు. ఆకలితో బతికి బయటపడిన ఆ పెద్దపిల్ల వంశం నీ బెంగళూరు అమ్మాయిది. అప్పుడు పెన్ను ముందుకు తోసే ఆ సీను ఇంకోలా చదువుకుంటాం. ఆవిడని క్షమించమని నేననను, శిక్షించమనీ అనను. పోలిక కోసం వెతకడం మాత్రం మానెయ్.

భాష గురించి ఎక్కువ చెప్పను. గ్రాంథికం పెట్టకు, టీవీ తెలుగూ పెట్టకు. మీ ఇంట్లో ముసలివాళ్లు ఒడియా మాట కలిపి మాట్లాడే తెలుగు ఉంది కదా, అందులోంచి కొత్త మాటలు తీసేస్తూ పో. మిగిలింది చాలు.

ముగింపు అటక మీద వద్దు. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర చేస్తారు. బుఢీ ఠాకురాణి అమ్మవారు చేనేతవాళ్ల పెద్ద దేశిబెహెరా ఇంటి ఆడపడుచుగా పుట్టింటికి వస్తుంది. ఊరు ఊరంతా ఒక ఆడపిల్ల పుట్టిల్లు ఎక్కడో గుర్తుపెట్టుకుని పండగ చేస్తుంది. పుట్టిల్లు ఏదో తెలియని ఆవిడ కోసం వెతుకుతున్న నీ అమ్మాయి ఆ జనంలో నిలబడితే నువ్వేమీ విడమర్చి చెప్పక్కర్లేదు. చెప్పావంటే నేనే కొట్టేస్తాను.

గుణుపురంలో మీ అమ్మమ్మ చెల్లెలు ఉన్నారన్నావు, ఎనభై దాటాయన్నావు. వచ్చే వారమే వెళ్లు. ఫోన్‌లో రికార్డింగు నొక్కి ఎదురుగా కూర్చోకు, నోరు మెదపరు. కిలో చింతపండు పట్టుకెళ్లి ఇద్దరూ పిక్కలు తీస్తూ కూర్చోండి. కథలు అడగకు. ఎవరి నగ ఎప్పుడు కరిగించారో అడుగు. తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ దిగు, రైలు ఎలాగూ ఈ ఊరి మీదుగానే వస్తుంది. మూడో అధ్యాయం తిరగరాసి పట్టుకురా, డైరీ లేకుండా.

ఆశీస్సులతో,
మీ అమ్మకి చదువు చెప్పిన టీచరమ్మ