టీవీ పక్కన పాత కంప్యూటర్: మీ ప్రశ్నలు, నా జవాబులు

నల్గొండలో కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుకుంటూ ఈ పేజీ రాస్తుంటాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే విషయం మీద ఉన్నాయి. మూలన పడ్డ కంప్యూటర్‌ను టీవీకి తగిలించి సినిమాలు, పాటలు, ఇంటి వీడియోలు చూడొచ్చా అని అడుగుతున్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 పడాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లలో దాదాపుగా ఎనిమిదో జనరేషన్, ఆపైన ఉండాలి. దాంతో ఆఫీసులు, మిల్లులు, స్కూళ్లు చక్కగా నడిచే మెషిన్లను కూడా తూకానికి ఇచ్చేస్తున్నాయి. అవి పాత సామాన్ల బండిలో పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ ఉత్తరాలకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను రైస్ మిల్లులో గుమస్తాను. ఆఫీసులో తీసేసిన డెస్క్‌టాప్‌ను మా సేటు నాకిచ్చాడు. నాలుగో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్. హార్డ్ డిస్క్ టకటకమంటోంది. నీళ్లు పడి బోర్డు పోయిన ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో ఉంది. రెండూ కలిపి మా 43 అంగుళాల టీవీకి పెట్టుకోవచ్చా? మూడు వేలకు మించి పెట్టలేను.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: బ్రహ్మాండంగా పెట్టుకోవచ్చు తమ్ముడూ. కానీ స్విచ్ వేసే ముందు దాన్ని వాకిట్లోకి తెచ్చి సైడ్ ప్యానెల్ విప్పు. మీ వైపు మిల్లుల నుంచి మా షాపుకు వచ్చే మెషిన్లన్నీ లోపల ఒకే తీరుగా ఉంటాయి. ప్రాసెసర్ మీద వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల మధ్య తవుడు, ఊక దుమ్ము కలిసి దూది పరుపులా గడ్డకట్టి ఉంటుంది. గాలి ఆడక ఫ్యాన్ గట్టిగా అరుస్తుంది. మిల్లు హోరులో ఆ చప్పుడు ఎవరికీ పట్టదు. రాత్రి తొమ్మిదికి ఇంట్లో సినిమా పెట్టుకుంటే మాటల కంటే అదే ముందు వినిపిస్తుంది.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో. వదిలేస్తే గాలి దెబ్బకు గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. తర్వాత హీట్‌సింక్ ఊడదీసి, ఎండి పొడిపొడిగా రాలే పాత థర్మల్ పేస్ట్‌ను మెత్తటి బట్టతో తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టు, చాలు. ర్యామ్ తీసి బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దు. ఆ పొడి బోర్డు మీద రాలకుండా పక్కకు జరిగి చెయ్యాలి. బోర్డు మీద గుండ్రటి సెల్ ఉంటుంది చూడు, సీఆర్2032, అదీ మార్చెయ్. ఆ సెల్ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే బ్రౌజర్ సైట్లను తెరవనివ్వదు, జనం నెట్‌వాడితో గొడవ పడుతుంటారు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పనే వద్దు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ నిలిచి ఉండొచ్చు. బయటి జాలీలోంచి గాలి కొట్టి వదిలెయ్.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. దాని ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్ స్లాట్‌లో పట్టదు. హార్డ్ డిస్క్ గానీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) గానీ రెండున్నర అంగుళాల సాటా రకమైతే నేరుగా పనికొస్తుంది, కనెక్టర్లు రెండింటికీ ఒకటే. నీళ్లు తగిలిన ల్యాప్‌టాప్‌లోది కాబట్టి పిన్నుల దగ్గర పచ్చటి తుప్పు ఉందేమో ముందు చూడు. టకటకమనే డిస్క్ మీద ఒక్క పాట కూడా దాచొద్దు. అది పోయేముందు చేసే చప్పుడు అది.

ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ దొరక్కపోతే నీ మూడు వేలలో మొదటి ఖర్చు దాని మీదే పెట్టు. 120 జీబీదైనా సరిపోతుంది, సెకండ్ హ్యాండ్‌దైనా పరవాలేదు. రెండో ఖర్చు ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ స్టిక్, అదీ డబ్బు మిగిలితేనే. గ్రాఫిక్స్ కార్డు జోలికి పోకు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పాత కార్డులు తక్కువకు కనిపిస్తాయి. వాటిలో చాలా రకాలు నీ ఐ3లో ఉన్న గ్రాఫిక్స్ కంటే వీడియో విషయంలో ఎక్కువ చేసేదేమీ లేదు.

టీవీకి తగిలించడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఇలాంటి ఆఫీసు మెషిన్ల వెనక తరచుగా నీలం వీజీఏ, దాని పక్కన ఒక మూల కోసినట్టుండే డిస్‌ప్లేపోర్ట్ ఉంటాయి. హెచ్‌డీఎంఐ ఉండదు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి పోయే కేబుల్ తెచ్చుకో. ఈ కేబుల్ ఒక వైపే పనిచేస్తుంది కాబట్టి షాపులో కంప్యూటర్ నుంచి టీవీకి అని చెప్పి అడుగు. బొమ్మతో పాటు సౌండ్ కూడా అందులోనే పోతుంది. అయినా వినిపించకపోతే సౌండ్ సెట్టింగుల్లో అవుట్‌పుట్ ఇంకా పాత స్పీకర్ జాక్ మీదే ఉందన్నమాట, హెచ్‌డీఎంఐకి మార్చు. తెర అంచులు కోసుకుపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు. టీవీ పిక్చర్ మెనూలో ఎల్‌జీ అయితే జస్ట్ స్కాన్, శాంసంగ్ అయితే స్క్రీన్ ఫిట్ అని ఉంటుంది, అది పెట్టు.

ఏది ఆడుతుంది, ఏది ఆడదు అన్నది ముందే తెలుసుకుంటే తర్వాత బాధ ఉండదు. వీడియోలను కుదించి దాచే పద్ధతులు కొన్ని ఉన్నాయి, హెచ్.264, హెచ్.265 అలాంటివే. నాలుగో జనరేషన్ చిప్‌లో హెచ్.264 వీడియోను విప్పే సర్క్యూట్ లోపలే ఉంది. 1080పీ సినిమా పెట్టినా చిప్ మీద బరువు పడదు. హెచ్.265కు అలాంటి సర్క్యూట్ ఇందులో లేదు. 1080పీ అయితే ప్రాసెసరే కష్టపడి లాగేస్తుంది, 4కె అయితే ఆగి ఆగి ఆడుతుంది. యూట్యూబ్ బ్రౌజర్‌కు వీపీ9, ఏవీ1 రకాలు పంపుతుంటుంది, అవి దీనికి బరువు. హెచ్264ఐఫై (h264ify) అనే చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే హెచ్.264లోనే పంపుతుంది, 1080పీ హాయిగా చూడొచ్చు.

సాఫ్ట్‌వేర్‌కు రూపాయి పెట్టొద్దు. ఇంట్లో ఉన్న ఫైళ్లు మాత్రమే చూస్తామంటే లిబ్రెఎలెక్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యి. స్విచ్ వేయగానే నేరుగా కోడి తెర మీదికి వచ్చేస్తుంది. కోడి అంటే ఒకప్పుడు ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం పుట్టిన ప్లేయరే, 2014లో పేరు మార్చుకుంది. బ్రౌజర్ కూడా కావాలంటే లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అందులో కోడి, వీఎల్‌సీ ప్లేయర్ వేసుకో. ఓటీటీలే నీకు ముఖ్యమైతే నిజం చెప్పేస్తాను, ఈ దారి నీకు కాదు. కంప్యూటర్ బ్రౌజర్‌లో, అందులోనూ లినక్స్‌లో, ఆ కంపెనీలు పూర్తి క్వాలిటీ ఇవ్వవు. ఆ డబ్బుతో టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ కొనుక్కోవడమే మంచిది.

ప్రశ్న: సార్, నేను టీచర్‌ని. పాత పార్టులతో కంప్యూటర్ చేసి టీవీకి పెట్టాను, బాగానే ఆడుతోంది. కానీ క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోంది. చెప్పుల్లేకుండా ఉంటే ఇంకా ఎక్కువ. పిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది. కరెంటు బిల్లు కూడా పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సార్, ఈ షాక్ సంగతి తేలేదాకా ఆ కంప్యూటర్ ప్లగ్ తీసి ఉంచండి.

ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ ఇనుముకు కలిపి ఉంటాయి. కరెంటులోని అలజడిని (నాయిస్‌ను) భూమిలోకి పంపడం వాటి పని. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోంచి పోతుంది, మనకు తెలియనే తెలియదు. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ మీద దాదాపు సగం మెయిన్స్ వోల్టేజ్, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు సన్నది కాబట్టి చిమచిమ అంటుంది. సమస్య ఏంటంటే, లోపల నిజంగా ఫేజ్ తీగ తెగి ఇనుముకు తగిలినా మొదట అలాగే ఉందిలే అనుకుంటాం. అందుకే దీన్ని తేలిగ్గా వదలొద్దు.

మీ సాకెట్‌లో పైనుండే పెద్ద రంధ్రం వెనక తీగ ఉందో లేదో వైర్‌మన్‌తో చూపించండి. పాత ఇళ్లలో సాకెట్ మూడు రంధ్రాలదే ఉంటుంది, వెనక ఎర్త్ తీగ మాత్రం ఉండదు. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య బల్బు హోల్డర్ పెట్టి అతను చూస్తాడు. బల్బు నిండుగా వెలిగితే ఎర్త్ ఉన్నట్టు. మసకగా ఉంటే ఎర్త్ గుంత ఎండిపోయి ఉండొచ్చు. మన నేలలు మే నెలలో ఎలా బిగుసుకుపోతాయో మీకు తెలియంది కాదు. గుంతలో నీళ్లు పోయించండి, అవసరమైతే బొగ్గు, ఉప్పు వేయించి కొత్తగా తీయించండి. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నులుగా మార్చే అడాప్టర్ ఎక్కడున్నా తీసి పారేయండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టిస్తే పిల్లల విషయంలో నిశ్చింత.

టీవీ, కంప్యూటర్, సెట్‌టాప్ బాక్స్ మూడింటినీ ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. హెచ్‌డీఎంఐ తీగను అన్నీ ఆపాకే పెట్టండి, ఆపాకే తీయండి. ఎర్త్ లేని చోట ఆన్‌లో ఉండగా తగిలించి టీవీ పోర్టులు కాల్చుకున్నవాళ్లు మా షాపుకు వస్తూనే ఉంటారు.

బిల్లు పెద్దగా పెరగదు. మెషిన్ 50 వాట్లు లాగుతుంది, రోజుకు నాలుగు గంటలు చూస్తారు అనుకుంటే నెలకు 6 యూనిట్లు.

ప్రశ్న: అన్నా, మా పెళ్లి 2004లో అయింది. వీడియో సీడీల్లో ఇచ్చారు. ప్లేయర్ పోయి చాలా ఏళ్లయింది, టీవీకి పెన్‌డ్రైవ్ తప్ప ఏదీ పట్టదు. మా అత్తమ్మ ఇప్పుడు లేరు. ఆమె మాట్లాడింది ఆ సీడీల్లోనే ఉంది. మావారి పాత కంప్యూటర్లో డీవీడీ డ్రైవ్ ఉంది కానీ మెషిన్ చాలా పాతది. సీడీల మీద గీతలు కూడా పడ్డాయి. మామయ్యకు చూపించాలని ఉంది.
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: అమ్మా, ఇంటికి డీవీడీ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్ ఎందుకు అని అడిగేవాళ్లందరికీ మీ ఉత్తరం చూపించాలని ఉంది. మెషిన్ పాతదని దిగులు పడకండి. ఆ కాలపు వీసీడీల్లో ఉండేది ఎంపెగ్-1 వీడియో, 352 అడ్డం, 288 నిలువు చుక్కలు. మీ కంప్యూటర్ ఎంత పాతదైనా దాన్ని సునాయాసంగా ఆడిస్తుంది.

ముందు సీడీని కడగండి. పంపు కింద పెట్టి, ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం వేసి, మెత్తటి నూలు బట్టతో మధ్య రంధ్రం దగ్గర నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు. డేటా ట్రాక్ గుండ్రంగా పోతుంది కాబట్టి ఆ దిశలో పడ్డ గీత చాలా డేటాను మింగేస్తుంది. టూత్‌పేస్ట్‌తో రుద్దమని ఎవరైనా చెబితే వినకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, సీడీలో డేటా ఉండే పొర పేరు రాసే వైపు లక్క కిందే ఉంటుంది. అద్దంలా మెరిసే వైపు గీత పడితే ఆశ ఉంది, పైవైపు పొర లేస్తే ఇక రాదు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటో స్టిక్కర్ అంటించి ఉంటే దాన్ని పీకే ప్రయత్నం చెయ్యొద్దు, పొర కూడా ఊడి వస్తుంది.

విండోస్‌లో సీడీ తెరిస్తే ఎంపెగ్ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో పేరు చివర డాట్ (.DAT) అని ఉన్న పెద్ద ఫైలే మీ వీడియో. ముందు చూస్తూ కూర్చోకుండా దాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. గీతలున్న సీడీని తిప్పి తిప్పి ఆడించడం మంచిది కాదు. కాపీ మధ్యలో ఆగితే వేరే కంపెనీ డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. సీడీలు తెచ్చే వీలుంటే ఏ రిపేర్ షాపులోనైనా మూలన నాలుగైదు పాత డ్రైవ్‌లు ఉంటాయి, అడగండి.

ఫైలు వచ్చాక వీఎల్‌సీలో ఆడుతుంది, మామూలు ఎంపీ4గా మార్చడం కూడా అందులోనే చేసుకోవచ్చు. మార్చిన తర్వాత అసలు డాట్ ఫైలును చెరపకండి. ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి మీ ఆడబిడ్డ ఇంట్లోనో అన్నయ్య ఇంట్లోనో ఉండాలి.

టీవీలో పెట్టినప్పుడు బొమ్మ 4:3లో ఉంచండి. రెండు పక్కలా నల్లగా మిగులుతుంది, ఉండనివ్వండి. తెర నిండాలని సాగదీస్తే అత్తమ్మగారి ముఖం అడ్డంగా సాగిపోయి మామయ్యగారికి కొత్తగా కనిపిస్తుంది. పెద్దాయనకు మౌస్ ఇవ్వొద్దు. కోడి పెట్టి, మీ ఫోన్‌లో కోర్ (Kore) అనే యాప్ వేసుకుంటే ఒకే వైఫై మీద ఫోనే రిమోట్ అవుతుంది. ఆయనే నొక్కుకుంటానంటే యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే చిన్న రిమోట్ కొనండి, బాణాలు, మధ్యలో ఓకే, అంతే ఉంటాయి.

ప్రశ్న: అన్నా, నా ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలింది. ఏడో జనరేషన్ ఐ5. స్క్రీన్ వేయించాలంటే చాలా అడుగుతున్నారు. అమ్మేయనా?
– ఒక విద్యార్థి, జడ్చర్ల

జవాబు: అమ్మకు తమ్ముడూ, స్క్రీన్ వేయించనూ వద్దు. హెచ్‌డీఎంఐతో టీవీకి తగిలించు. ఏడో జనరేషన్‌లో 10 బిట్ హెచ్.265ను విప్పే సర్క్యూట్ లోపలే ఉంది కాబట్టి ఫోన్లో తీసిన 4కె వీడియోలు కూడా ఆడతాయి. కరెంటు డెస్క్‌టాప్ కంటే తక్కువ లాగుతుంది. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా మెషిన్ ఆగదు. టీవీలో బొమ్మ రాకపోతే విండోస్ కీ పట్టుకుని పీ నొక్కి, అవుట్‌పుట్‌ను టీవీకి మార్చు. మూత మూసినా నిద్రపోకుండా పవర్ సెట్టింగుల్లో డూ నథింగ్ అని పెట్టుకో.

ఒక్కటి మాత్రం ఇవాళే చూడు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెడితే ఊగుతోందా, టచ్‌ప్యాడ్ పైకి ఉబికిందా? అలా ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టు. గుచ్చడం, నొక్కడం చెయ్యకుండా షాపులో తీయించెయ్, చాలా మోడళ్లు అడాప్టర్ మీదే నడుస్తాయి. బ్యాటరీ సంగతి తేలాక టీవీ స్టాండ్ అరలో దాన్ని పడుకోబెట్టకుండా, గాలి జాలీలు మూసుకుపోకుండా నిలువుగా ఆనించి పెట్టు.