అంకెలు నిలవడం లేదన్నావు

చిరంజీవికి దీవెనలు.

ఏడూ ఎనిమిదీ కూడాలంటే ఇప్పటికీ వేళ్ళు ముడవాల్సి వస్తోందని, నలుగురిలో సిగ్గేస్తోందని రాశావు. ముడుచుకో. వేళ్ళు వదిలేస్తే ఆ భారమంతా తలలోనే మొయ్యాలి, నీకున్న ఇబ్బందంతా అక్కడే. అంకెలూ లెక్కలూ పట్టుబడకుండా చేసే ఈ ఇబ్బందిని డిస్కాల్క్యులియా అంటారు. లాడిస్లావ్ కోష్చ్ అనే మనస్తత్వవేత్త 1974లోనే దీని గురించి వివరంగా రాశాడు. తెలివి తక్కువై వచ్చేది కాదు. మూడు నాలుగు చుక్కలు కనిపిస్తే చాలామంది ఎంచకుండానే ఎన్నో చెప్పేస్తారు. ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళలో కొందరికి అవీ ఒక్కొక్కటిగా ఎంచితే గాని తేలవు.

47కి 38 కలిపేటప్పుడు ఏం జరుగుతోందో గమనించు. ఏడూ ఎనిమిదీ ఎంచి పదిహేను తెచ్చేలోపు, పైన వెయ్యాల్సిన ఒకటి జారిపోతుంది. పద్ధతి నీకు తెలుసు, మనసులో దాన్ని నిలిపి ఉంచే చోటే చాలలేదు. కాబట్టి అలాంటి లెక్కలే ఇంకో యాభై చేసినా ఒరిగేదేమీ ఉండదు. ఒక గీత గియ్యి. 47 నుంచి 30 గెంతితే 77. అక్కణ్ణుంచి 3 వేస్తే 80, ఎనిమిదిలో మిగిలిన 5 వేస్తే 85. ప్రతి గెంతూ రాసి పెట్టు, తలలో ఏదీ దాచకు. నిలువుగా వెయ్యక తప్పకపోతే గళ్ళ కాగితం తీసుకుని గడికి ఒక్క అంకె రాయి. ఒకట్లు పదుల కిందికి జరగడం ఆగుతుంది.

ఎక్కాల దగ్గరే నువ్వు ఎక్కువగా బెదిరిపోయినట్టున్నావు. పది దాకా ఉన్న ఎక్కాల్లో 100 గుణకారాలు ఉన్నట్టు కనిపిస్తుంది. 3×7, 7×3 ఒకటే కాబట్టి నిజానికి ఉన్నవి 55. ఒకటి, రెండు, పది ఎక్కాలు ముందు గట్టిపరుచుకో. అయిదు ఎక్కం పదిలో సగం. నాలుగంటే రెండుసార్లు రెట్టింపు, ఎనిమిదంటే మూడుసార్లు: 7×8 కావాలంటే 14, 28, 56. తొమ్మిదికి పదితో గుణించి ఒకసారి తీసెయ్యి: 9×6 అంటే 60లోంచి 6 పోగా 54. ఇక బట్టీ పట్టాల్సినవి ఆరే: 3×3, 3×6, 3×7, 6×6, 6×7, 7×7. ఈ ఆరింటినీ ఒక చీటీ మీద రాసి దగ్గర ఉంచుకో. రోజూ పదిహేను నిమిషాలు చాలు, గడియారం పెట్టి పరుగెత్తించే పరీక్షలు మాత్రం వద్దు. భయం కూడా మనసులో అంకెలు నిలిపి ఉంచే ఆ చోటునే ఆక్రమిస్తుంది, అందుకే తొందరపెడితే వచ్చినదీ రాకుండా పోతుంది.

కాలిక్యులేటర్ వాడు, తప్పేమీ లేదు. అయితే ముందు ఉజ్జాయింపు వేసుకో. 48×19 అంటే సుమారు 50×20, వెయ్యికి దగ్గర. తెర మీద 9120 కనిపిస్తే ఏదో మీట అదనంగా పడిందని వెంటనే తెలుస్తుంది, అసలు జవాబు 912. 6, 9 తారుమారు చేసే అలవాటుంటే రెండుసార్లు కొట్టి చూడు.

నోటితో చెప్పిన సంఖ్య రాసుకునేటప్పుడు జాగ్రత్త. డెబ్బైలో ఏడు వినిపించదు, ఎనభై, తొంభై ఒకలాగే మోగుతాయి. అంకె అంకెగా తిరిగి చదివి, సరేననిపించుకో. ఫోన్ నంబర్లు రెండేసి, మూడేసి అంకెలుగా విడగొట్టి రాయి.

వేళకు చేరడానికి వెనక నుంచి లెక్కపెట్టు. 10:30కి అక్కడుండాలి, ప్రయాణం 40 నిమిషాలు: 9:50కి బయలుదేరాలి. తయారవడానికి 45 నిమిషాలు: 9:05కి లేవాలి. ఆ రెండు వేళలకూ రెండు అలారాలు పెట్టు.

ఇంకొక్క మాట. చదవడంలో ఇబ్బంది, ధ్యాస నిలవకపోవడం దీనితోపాటే చాలామందిలో కనిపిస్తాయి. అభ్యసన లోపాలు తెలిసిన మనస్తత్వవేత్త చేత పరీక్ష చేయించుకో, ఏది ఎంతుందో తేలుతుంది. ఆ నివేదిక చేతికొచ్చాక పరీక్షకు అదనపు సమయం, కాలిక్యులేటర్ రాతపూర్వకంగా అడుగు. చివరి వారం దాకా ఆగకు, అనుమతి రావడానికి రోజులు పడుతుంది.