డీఎం న్యూరాలజీ తర్వాత ఎపిలెప్సీ ఫెలోషిప్‌కి ఒక ఏడాది పెట్టడం దండగా?

డాక్టర్ గారూ, మీరు అడిగింది ఇదీ: కొన్ని నెలల్లో డీఎం (ఎండీ తర్వాత చేసే మూడేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సు) పూర్తవుతుంది. ఒంగోలులో మంచి జీతంతో కన్సల్టెంట్‌గా రమ్మంటున్నారు. ఇంట్లో "ఇంకా ఎన్నాళ్లు చదువుతావు" అంటున్నారు. మీకేమో ఎపిలెప్సీ ఫెలోషిప్ మీద, అంటే మూర్ఛ (పదేపదే ఫిట్స్ వచ్చే జబ్బు) చికిత్సలో ఏడాది ప్రత్యేక శిక్షణ మీద మనసుంది. కానీ ఎపిలెప్సీ సర్జరీ (ఫిట్స్ మొదలయ్యే మెదడు భాగానికి చేసే ఆపరేషన్) లేని ఊళ్లో ఆ శిక్షణ ఎందుకు పనికొస్తుందని సందేహం. చేస్తే ఇక్కడ చేయాలా, విదేశంలో చేయాలా అన్నది రెండో ప్రశ్న.

చేయండి. నేను డీఎం అయ్యాక దక్షిణాదిలోని ఒక ప్రభుత్వ సంస్థలో ఏడాది పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ చేశాను. ఇప్పుడు కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నాను. మా ఆసుపత్రిలోనూ ఎపిలెప్సీ సర్జరీ లేదు. అయినా ఆ ఏడాదిలో నేర్చుకున్నది నా ఓపీలో వాడని రోజు లేదు.

డీఎంలో మన మూడేళ్లు ఎలా గడుస్తాయో మీకు తెలుసు. స్ట్రోక్ కాల్స్, జీబీఎస్ (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు), మెనింజైటిస్, ఐసీయూ. ఫిట్స్ పేషెంట్‌కి ఓపీలో దొరికేది కొద్ది నిమిషాలు. "ఎన్నిసార్లు వచ్చాయి, మందు మానేశావా" అని అడిగి డోసు పెంచి పంపిస్తాం. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) అంటే అరగంట రికార్డు, రెండు లైన్ల రిపోర్టు. అసలు ఫిట్స్‌ని మనం కళ్లతో చూసేది చాలా తక్కువ. వాళ్ల అమ్మో, భార్యో చెప్పింది విని రాసుకోవడమే.

ఫెలోషిప్‌లో ఇదంతా తలకిందులవుతుంది. వీడియో ఈఈజీ వార్డులో పేషెంట్‌ని చేర్చుకుని, మందులు జాగ్రత్తగా తగ్గిస్తూ, ఫిట్స్ వచ్చేదాకా రోజుల తరబడి కెమెరా, ఈఈజీ రెండూ ఆపకుండా రికార్డు చేస్తారు. అలారం మోగగానే గదిలోకి పరుగెత్తాలి. పేరు అడగాలి, చేతులు ఎత్తమనాలి, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమనాలి. ఫిట్స్ ఆగాక మాట ఎప్పుడు తిరిగొచ్చిందో చూడాలి. తర్వాత అదే వీడియోని సెకను సెకను వెనక్కి తిప్పుతూ సీనియర్ల పక్కన కూర్చుని చూడాలి. నిజమైన చదువు అక్కడే జరుగుతుంది.

ఉదాహరణకి టెంపొరల్ లోబ్ (కణతల దగ్గరి మెదడు భాగం) ఫిట్స్ తీసుకోండి. మొదట కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు ఉంటుంది. మన దగ్గర చాలామంది దాన్ని గ్యాస్ అనుకుని ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతారు. తర్వాత చూపు నిలిచిపోతుంది, పెదవులు చప్పరిస్తారు, ఒక చేత్తో బట్టలు సర్దుకుంటున్నట్టు తడుముకుంటారు, రెండో చెయ్యి వంకరగా బిగుసుకుంటుంది. బిగుసుకున్న చేతికి ఎదుటి వైపు మెదడులో ఫిట్స్ మొదలైందని ఊహించవచ్చు. ఫిట్స్ ఆగిన వెంటనే ముక్కు తుడుచుకునే చెయ్యి చాలాసార్లు ఫిట్స్ మొదలైన వైపుదే అవుతుంది. అయిపోయాక మాట చాలాసేపు రాకపోతే భాషకి సంబంధించిన వైపు అనుమానించాలి. పుస్తకంలో ఇవన్నీ ఒక పేజీ. వీడియోలో పదేపదే చూశాకే అవి కంట్లో నిలుస్తాయి. అప్పుడు మీ ఓపీలో ఒక తల్లి "డాక్టరుగారూ, వాడు నోరు ఆడిస్తాడండీ, చొక్కా గుండీలు పీక్కుంటాడండీ" అంటుంటే ఆ పిల్లాడి మెదడులో ఏ భాగమో మీకు స్కాన్ చూడకముందే అర్థమవుతుంది. నిద్రలో ఒక్కసారిగా లేచి కాళ్లూ చేతులూ విపరీతంగా కొట్టుకుని నిమిషంలోపే మామూలైపోయే ఫ్రంటల్ లోబ్ (మెదడు ముందు భాగం) ఫిట్స్‌ని చూసి "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించిన కుటుంబాలు ఎన్నో. డాక్టర్లు కూడా దాన్ని మానసిక సమస్య అనుకునే ప్రమాదం ఉంది.

ఇంకో సగం కథ, ఎపిలెప్సీ కానివాటిని పట్టుకోవడం. మందులకి లొంగడం లేదని పెద్ద సెంటర్లకి వచ్చేవాళ్లలో ఎపిలెప్సీ అసలు లేనివాళ్లు గణనీయంగా ఉంటారు. కొందరివి మానసిక ఒత్తిడి వల్ల వచ్చే ఫిట్స్ లాంటి ఎటాక్స్. ఎటాక్ సాగినంతసేపు కళ్లు గట్టిగా మూసుకుని ఉండటం ఒక ముఖ్యమైన గుర్తు, నిజమైన పెద్ద ఫిట్స్‌లో కళ్లు సాధారణంగా తెరిచే ఉంటాయి. కొందరివి గుండె లయ తప్పి స్పృహ కోల్పోవడం. పడిపోయినప్పుడు చేతులు నాలుగుసార్లు కొట్టుకుంటే చాలు, ఫిట్స్ అని ముద్ర పడిపోతుంది. అలాంటి మనిషికి ఫిట్స్ మందు రాసి ఈసీజీ తీయకుండా పంపితే ప్రాణం మీదికే రావచ్చు. నిద్రమత్తులో ఈఈజీలో కనిపించే మామూలు తరంగాలని "అబ్‌నార్మల్" అని రాసేయడం కూడా ఇలాగే కొంపలు ముంచుతుంది. ఒక్క తప్పు ఈఈజీ రిపోర్టుతో పదేళ్లు మాత్రలు మింగినవాళ్లని నేను చూశాను. ఆ రిపోర్టు చూపించి పెళ్లి సంబంధాలు తప్పిపోయిన ఆడపిల్లల్నీ చూశాను. 1999లో వివాహ చట్టాలని సవరించి మూర్ఛని పెళ్లికి అడ్డంకుల జాబితాలోంచి తీసేశారు కానీ, ఊళ్లలో మాటలు ఇంకా మారలేదు. అందుకే "ఇది ఎపిలెప్సీ కాదు" అని ధైర్యంగా చెప్పగలగడం ఈ శిక్షణలో నాకు దొరికిన అతి పెద్ద సంపద అనుకుంటాను.

ఇక సర్జరీ సంగతి. మీ ఊళ్లో సర్జరీ లేదు కాబట్టే మీరు ఇది నేర్చుకోవాలి. 2000లో గ్లాస్గో నుంచి వచ్చిన క్వాన్, బ్రాడీల అధ్యయనం మీరు చదివే ఉంటారు. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లలో మొదటి మందుతో 47 శాతం మందికి, రెండో మందుతో ఇంకో 13 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. ఆ తర్వాత దక్కింది ఓ 4 శాతమే. అందుకే అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం 2010లో, సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన డోసులో వాడినా ఆగకపోతే అది మందులకి లొంగని ఎపిలెప్సీ అని నిర్వచించింది. మన దగ్గర రెండో మందు తర్వాత జరిగేది ఏమిటి? మూడోది, నాలుగోది, డాక్టరు మార్పు, నాటు వైద్యం, మళ్లీ మొదటి మందు. ఈలోగా చదువు పోతుంది, ఉద్యోగం పోతుంది. 2001లో కెనడాలోని లండన్ నగరంలో టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీ ఉన్న 80 మంది మీద జరిగిన ట్రయల్‌లో, ఏడాది తర్వాత స్పృహ పోయే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు సర్జరీ గ్రూపులో 58 శాతం, మందుల గ్రూపులో 8 శాతం. మన ఢిల్లీ ఎయిమ్స్ నుంచి 2017లో వచ్చిన ట్రయల్‌లో 116 మంది పిల్లల్లో, ఏడాదికి ఫిట్స్ లేనివాళ్లు సర్జరీ వైపు 77 శాతం, మందుల వైపు 7 శాతం. ఇంత తేడా చూపించే చికిత్సలు న్యూరాలజీలో ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఎవరిని పంపాలో తెలిసిన మనిషి జిల్లాలో ఒక్కరుంటే చాలు, ఈ కథ మారుతుంది. బయట "నార్మల్" అని రిపోర్టు ఇచ్చిన ఎంఆర్ఐని ఎపిలెప్సీ ప్రోటోకాల్‌లో, హిప్పోకాంపస్‌కి (టెంపొరల్ లోబ్ లోపల జ్ఞాపకశక్తికి సంబంధించిన భాగం) అడ్డంగా సన్నని పొరల చిత్రాలతో మళ్లీ తీయిస్తే కుంచించుకుపోయిన హిప్పోకాంపస్ స్పష్టంగా బయటపడ్డ పేషెంట్లు నా దగ్గర ఉన్నారు. నేను చేసింది ఫిల్మ్ మళ్లీ తీయించడం, కుటుంబంతో కూర్చుని భయం పోయేలా మాట్లాడటం, ఒక ఉత్తరం రాసివ్వడం. ఆపరేషన్ వేరే ఊళ్లో జరిగింది. తర్వాత మందులు తగ్గించే పని మళ్లీ నా దగ్గరే. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, సికింద్రాబాద్ కిమ్స్‌లోనూ ఎపిలెప్సీ సర్జరీ జరుగుతోంది కాబట్టి మనవాళ్లు మరీ దూరం పోనక్కరలేదు కూడా.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు చౌక, బాగా పనిచేస్తుంది, అందుకే అందరూ రాసేస్తారు. గర్భంలో బిడ్డకి అది చేసే హాని తెలిసి కూడా పదిహేడేళ్ల అమ్మాయికి వేరే మందు ఆలోచించకుండా రాస్తే తప్పు మనది. తిరువనంతపురంలో 1998లో మొదలైన కేరళ ఎపిలెప్సీ, గర్భధారణ రిజిస్ట్రీ వల్ల మన దేశపు తల్లుల సమాచారమే మన చేతిలో ఉంది. ఫోలిక్ యాసిడ్ ఎప్పటి నుంచి ఇవ్వాలి, గర్భంతో ఉన్నప్పుడు లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు స్థాయి రక్తంలో ఎలా పడిపోతుంది, తల్లిపాలు ఇవ్వొచ్చా, ఇవన్నీ ఓపీలో రోజూ వచ్చే ప్రశ్నలే.

మీ యాజమాన్యానికి చెప్పుకోవడానికి ఒక మాట: ఐసీయూలో స్పృహ రాని పేషెంట్‌కి బయటికి కనిపించని ఫిట్స్ నడుస్తున్నాయేమో ఈఈజీలో చూసి చెప్పగలిగేవాళ్లు జిల్లాల్లో చాలా తక్కువ. ఆ ఒక్క పనికే మీకు గిరాకీ ఉంటుంది.

ఎక్కడ చేయాలి అన్న ప్రశ్నకి వస్తే, ఇక్కడే పనిచేసే ఉద్దేశం ఉంటే ఇక్కడే చేయమంటాను. తిరువనంతపురం శ్రీ చిత్ర వైద్య సంస్థలో డాక్టర్ కె. రాధాకృష్ణన్ 1995లో సర్జరీ కార్యక్రమం మొదలుపెట్టారు. పెద్ద ఖర్చులు భరించలేని పేషెంట్లకి ఉన్న వనరులతోనే ఎంత మంచి ఫలితాలు రాబట్టవచ్చో దేశానికి చూపించిన కేంద్రం అది. బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. మనవాళ్లకి బాగా తెలిసిన వేడినీళ్ల ఫిట్స్, అంటే తల మీద వేడినీళ్లు పోసుకుంటే వచ్చేవి, వాటి మీద అక్కడ ఎంతో పని జరిగింది. టేప్‌వార్మ్ గుడ్ల వల్ల మెదడులో వచ్చే గడ్డలు, మందుల ధర, మానేసి వచ్చేవాళ్లు, ఇవి మన వార్డుల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. సీట్లు కొద్దిగానే ఉంటాయి, నోటిఫికేషన్లు సంస్థని బట్టి మారతాయి కాబట్టి వెబ్‌సైట్లు ఇప్పటి నుంచే గమనిస్తూ ఉండండి.

విదేశం అంటే, అమెరికాలో ఏడాది గుర్తింపు పొందిన ఫెలోషిప్ ఉంది, 2013 నుంచి ఎపిలెప్సీకి ప్రత్యేక బోర్డు పరీక్ష కూడా పెట్టారు. కానీ అక్కడ రెసిడెన్సీ (ఆసుపత్రిలో చేసే స్పెషలిస్టు శిక్షణ) చేయకుండా ఆ దారి చాలా ఇరుకు. కెనడాలో మన డీఎం తర్వాత క్లినికల్ ఫెలోగా తీసుకునే కేంద్రాలు ఉన్నాయి. మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టి చేసే స్టీరియో ఈఈజీ మీద ప్రత్యేకంగా ఆసక్తి ఉంటే, ఇక్కడ ఏడాది చేసి తర్వాత అక్కడికి వెళ్లడం నాకు సబబుగా తోస్తుంది.

డబ్బు సంగతి దాచను. కన్సల్టెంట్ జీతంతో పోలిస్తే ఫెలో స్టైపెండ్ చాలా తక్కువ, ఆ ఏడాది ఇంట్లో ఇబ్బంది ఉంటుంది. అయినా "రెండేళ్లు పనిచేసి తర్వాత చేస్తా" అనే ఆలోచన నాకు నచ్చదు. ఒకసారి ప్రాక్టీసు, పిల్లల స్కూలు, ఇంటి లోను మొదలయ్యాక బయటికి రావడం చాలా కష్టం. అలా అనుకున్న నా స్నేహితులు ఎవరూ తర్వాత వెళ్లలేకపోయారు. ఒంగోలు ఆసుపత్రివాళ్లతో నేరుగా మాట్లాడి చేరే తేదీ ఏడాది జరపగలరేమో అడగండి. న్యూరాలజిస్టుల కొరత ఉంది కాబట్టి చాలాసార్లు ఒప్పుకుంటారు.

దరఖాస్తు పెట్టే ముందు అక్కడ ఇప్పుడు చేస్తున్న ఫెలోకి తప్పకుండా ఫోన్ చేయండి. ఈఈజీని ముందు ఫెలో చదివి తన రిపోర్టు రాస్తే సీనియర్ దిద్దుతారా, లేక సీనియర్ చదివింది ఫెలో టైప్ చేస్తాడా? వీడియో ఈఈజీ పడకలు నిండుగా నడుస్తున్నాయా? న్యూరోసర్జన్, రేడియాలజిస్ట్, సైకాలజిస్ట్ కలిసి కూర్చునే సర్జరీ కాన్ఫరెన్సు ప్రతివారం జరుగుతుందా, అందులో కేసు ఫెలోనే చెబుతాడా? పిల్లల ఎపిలెప్సీ కూడా చూపిస్తారా? మొదటి ప్రశ్నకి సరైన జవాబు రాకపోతే ఎంత పేరున్న చోటైనా వదిలేయమనే చెబుతాను.

డీఎంలో మిగిలిన ఈ నెలల్లో మీ ల్యాబ్‌లో ఈఈజీ టెక్నీషియన్ పక్కన రోజూ కాసేపు కూర్చోండి. ఎలక్ట్రోడ్లు పెట్టడం మీ చేత్తో నేర్చుకోండి. ఓపీకి వచ్చే ప్రతి కుటుంబానికీ ఈసారి ఫిట్స్ వస్తే ముందు పక్కకి తిప్పి పడుకోబెట్టి, తర్వాత ఫోన్‌లో వీడియో తీయమని చెప్పండి. చేతిలో తాళాలు పెట్టొద్దని, నోట్లో చెంచా కుక్కొద్దని కూడా చెప్పండి. అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం వాళ్ల ఆన్‌లైన్ ఈఈజీ కోర్సులు ఉన్నాయి, ఇంటర్వ్యూకి ముందు ఒకటి చేస్తే మంచిది. ఎంపికై ఎక్కడైనా సీటు వస్తే ఇక్కడే రాయండి, ఇల్లు, స్టైపెండ్, సెలవుల గురించి నాకు తెలిసినవి అప్పుడు చెబుతాను.