ఫీజు కడతాను, పిల్లనివ్వండి అంటున్న అన్నయ్య

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర ఊరు. సొంతం ఎకరం, కౌలుకు రెండెకరాలు. పోయిన ఏడు మిర్చి ధర పడిపోయి కౌలు డబ్బులు కూడా రాలేదు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకును బట్టి, ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయమని లెక్చరర్లు అంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మా అన్నయ్య, తెలిసిన కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పించి నాలుగేళ్లూ తనే ఫీజు కడతానంటున్నాడు. చదువయ్యాక పిల్లను తన కొడుక్కే ఇస్తామని ఇప్పుడే తాంబూలాలు పుచ్చుకోవాలట. మా ఆయన సరేనంటున్నారు. అన్నయ్య మనసు కష్టపెట్టలేను. అమ్మాయిని అడిగితే ‘నీ ఇష్టం అమ్మా’ అంటుంది. ర్యాంకు కార్డు మాత్రం దిండు గలీబులో దాచుకుంది. ఏం చేయమంటారు?
– ఓ తల్లి

అమ్మా, మీ ఉత్తరం నిండా అన్నయ్య, మీ ఆయన, మిర్చి ధర. అమ్మాయి గురించి రెండు ముక్కలే ఉన్నాయి. ఆ గలీబు సంగతి దగ్గర కాసేపు ఆగిపోయాను. నిజంగా మీ ఇష్టానికే వదిలేసిన పిల్ల కార్డు అలా దాచుకోదు కదా. ఇంట్లో అప్పులు చూస్తూ పెరిగిన ఆడపిల్లలు నోరు తెరిచి అడగరు. అడిగితే నాన్నకి భారం అనుకుంటారు. ముందు మీరిద్దరే ఉన్నప్పుడు, పనిలో ఉండగానే మెల్లగా అడగండి. ‘డబ్బు సంగతి పక్కన పెట్టు, నీకేం చదవాలని ఉంది? బావ గురించి ఏమనుకుంటున్నావు?’ అనండి. వెంటనే చెప్పకపోతే మర్నాడు మళ్లీ అడగండి.

ఇక డబ్బు. మీ అన్నయ్య మీద నాకేం కోపం లేదు. చెల్లెలి కూతురు చదవాలనుకోవడం మంచి మనసే. కానీ ఆయన చూపిస్తున్న దారి వల్లే మీకు అంత డబ్బు అవసరమవుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీట్లకే వస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకి రాదు, మిగిలిన సీట్లను కాలేజీ వాళ్లే నింపుకునే స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. ఏడాదికి ఆదాయం 2.5 లక్షల లోపున్న కుటుంబానికి ప్రభుత్వం కట్టే ఫీజుని వదులుకుని, దాని కోసం మేనమామ కొడుక్కి పిల్లనిస్తామని మాట ఇవ్వడం ఏం లెక్క చెప్పండి? కాలేజీ పేరు కాస్త చిన్నదైనా కన్వీనర్ సీటే తీసుకోండి. ఆధార్, బియ్యం కార్డు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు పట్టుకుని రేపే మీ ఊరి సచివాలయానికి వెళ్లండి. విద్యా సహాయకులు ఉంటారు. పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించుకోండి. చేరాక హాజరు 75 శాతానికి తగ్గకూడదు. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కాలేజీ వాళ్లు పిల్లల మీద పడుతుంటారు, అప్పుడు కంగారుపడి వడ్డీకి తేవద్దు.

మిగిలేది రాకపోకలు, పుస్తకాలు, ఒక ల్యాప్‌టాప్. గుంటూరు వైపు కాలేజీ వస్తే హాస్టల్ అక్కర్లేదేమో చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లు టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ చూపిస్తే చాలు. పొద్దున్నే బస్సులో నిలబడి వెళ్లడం కష్టమే, కాదనను. కానీ ఏడాది హాస్టల్ ఖర్చు మిగులుతుంది. ఇంజినీరింగ్‌లో చేరే ఆడపిల్లలకు కేంద్ర సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000. మొదటి ఏడాదే దరఖాస్తు చేయాలి. ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది కుదరదు కాబట్టి, ఏది లాభమో కాలేజీలో కూర్చుని లెక్క వేసుకోండి. అప్పటికీ చాలకపోతే బ్యాంకులో చదువు రుణం అడగండి. 4 లక్షల వరకు హామీగా ఆస్తి పెట్టాల్సిన పని లేదు. చదువు అయిన ఏడాది తర్వాతే కట్టడం మొదలవుతుంది. ‘పొలం కాగితాలు తెండి’ అని మేనేజర్ అంటే, 4 లక్షల లోపే కదా సార్ అని మర్యాదగా గుర్తు చేయండి. మీ డ్వాక్రా సంఘంలో కూడా అడగండి, సంఘాల ఆడవాళ్లకి అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి వచ్చే అప్పు, మీటర్‌లా పెరిగిపోయే మీటర్ వడ్డీ కన్నా వెయ్యి రెట్లు నయం.

‘ఊరికే ఎవరు చదివిస్తారు’ అని మీ ఆయన అనొచ్చు. మన గుంటూరులోనే 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టారు. వాళ్లు ఎవరి పిల్లనీ కోడలిగా రాయించుకోలేదు.

పెళ్లి మాటకొస్తే, మీ మేనల్లుడు మంచివాడే కావచ్చు. ఇంతకీ అతణ్ణి ఎవరైనా అడిగారా? ఉత్తరంలో అతని ఊసే లేదు. ఇలాంటి ఒప్పందాలు ఎక్కడ బెడిసికొడతాయో నేను చూస్తూనే ఉన్నాను. మూడో ఏడాదిలో ఫోన్ ఎవరితో మాట్లాడుతున్నావు, ఆ డ్రెస్ ఏంటి, క్యాంపస్ ఇంటర్వ్యూకి హైదరాబాద్ ఎందుకు, అన్నీ అడిగే హక్కు ఫీజు కట్టినవాళ్లకు వచ్చేస్తుంది. పిల్ల కాదంటే ‘ఇంత ఖర్చు పెట్టాం’ అని అన్నాచెల్లెళ్లు కోర్టు దాకా వెళతారు. మేనరికంలో పుట్టే పిల్లలకు వంశపారంపర్య జబ్బుల ప్రమాదం కాస్త ఎక్కువన్నది కూడా మర్చిపోవద్దు.

అన్నయ్యకి ఏం చెప్పాలన్నదే మీ అసలు టెన్షన్ కదా. ఫోన్‌లో వద్దు. ఓ ఆదివారం మీ ఆయన్ని తీసుకుని ఆటోనగర్ వెళ్లండి. ‘అన్నయ్యా, నువ్వు అడిగావు, అదే మాకు పదివేలు. సీటు కన్వీనర్‌లో చూసుకుంటాం. ల్యాప్‌టాప్‌కి తక్కువైతే నీ దగ్గరే తీసుకుంటాం, ప్రామిసరీ నోటు రాసిస్తాం. పెళ్లి మాట పిల్ల చదువయ్యాక, ఇద్దరూ ఇష్టపడితే అనుకుందాం.’ అన్నాచెల్లెళ్ల మధ్య నోటేంటని ఆయన కోప్పడతాడు. కోప్పడనివ్వండి, నోటు రాయండి. నోటు గడువు మూడేళ్లే కాబట్టి, అది దాటకముందే ఎంతో కొంత కట్టి నోటు వెనుక చెల్లు రాయించుకోవడం మీకు నేను చెప్పక్కర్లేదు, కౌలు చేసేవాళ్లకి ఇవన్నీ తెలుసు. రెండు నెలలు ముభావంగా ఉంటాడు. సంక్రాంతికి తనే వస్తాడు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఫోన్ అమ్మాయి చేతిలోనే ఉండాలి. అన్నయ్య షెడ్డులోనో, ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి చేతనో పెట్టించొద్దు. ఓటీపీ వచ్చే నంబరు మీ ఇంట్లోదేనా అని ఈ రాత్రికే చూసుకోండి.