తలుపు తెరిచే ఉన్నా ఎందుకు పారిపోరు?

లైంగిక దోపిడీ కోసం అక్రమ రవాణాకు గురైనవాళ్లు అవకాశం ఉన్నా ఎందుకు బయటకు రారు, వచ్చినవాళ్లకు మనం ఎలా తోడుండాలి అన్నది ప్రశ్న.

గొలుసులు, తాళాలు సినిమాల్లోనే ఎక్కువ. వల వేసేది తరచూ తెలిసినవాళ్లే: ప్రేమికుడు, బంధువు, ఉద్యోగం ఇప్పిస్తానన్న పెద్దమనిషి. ఆ తర్వాత కట్టిపడేసేది అప్పు. ప్రయాణం ఖర్చు, గది అద్దె, బట్టలు అన్నీ బాధితురాలి పద్దులోనే రాస్తారు. ఎంత సంపాదించినా బాకీ తరగదు. గుర్తింపు కార్డులు వాళ్ల గుప్పిట్లో ఉంటాయి. ఎదురుతిరిగితే ఫోటోలు ఇంటికి పంపుతామంటారు. కొట్టినవాడే మర్నాడు దగ్గరకు తీసి ఓదారుస్తాడు. అన్నిటికంటే గట్టి ముడి బహుశా ఇదే.

‘ఒప్పుకునే వెళ్లింది కదా’ అనేవాళ్లకు ఒక మాట. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ (మనుషుల అక్రమ రవాణాను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం మోసం, బలవంతం, నిస్సహాయతను వాడుకోవడం వంటివి ఉంటే ఆ ఒప్పుకోలు చెల్లదు. 18 ఏళ్లలోపువారి విషయంలో అవి ఉన్నాయని చూపాల్సిన పని కూడా లేదు. బాధితుల్లో మగపిల్లలు, పురుషులు, ట్రాన్స్‌జెండర్లు కూడా ఉంటారు.

బయటపడ్డ మనిషిని కథంతా చెప్పమని తవ్వకండి. తారీఖులు తారుమారు కావడం, జ్ఞాపకాలు ముక్కలుగా రావడం మానసిక గాయం వల్ల కావచ్చు, అబద్ధమని తేల్చేయకండి. గది తలుపు మూయాలా, డాక్టరు దగ్గరకు ఎవరితో వెళ్లాలి వంటి చిన్న నిర్ణయాలు ఆమెకే వదలండి. పేరు, ఫోటో ఎవరికీ ఇవ్వొద్దు. సానుభూతి కంటే ముందు కావలసినవి ఇల్లు, వైద్యం, గుర్తింపు పత్రాలు, న్యాయ సాయం, సొంత సంపాదన. ఇవి లేకే కొందరు మళ్లీ అదే ఉచ్చులో పడతారు.

ఎక్కడైనా అనుమానం వస్తే మీరే రక్షించడానికి వెళ్లకండి. పోలీసులకో హెల్ప్‌లైన్‌కో చెప్పండి. లేకపోతే ముఠా కోపం ఆమె మీదే తీరుతుంది.