స్టార్ ట్రెక్ 4లో చూపినట్టు రెండు తిమింగలాలను తెచ్చి వదిలితే జాతి మళ్లీ నిలబడుతుందా?

మీ అమ్మాయి అడిగినవి నాలుగు ప్రశ్నలు: ఆ ట్యాంకు లెక్క నిజమేనా, తిమింగలాలను అలా తరలించగలమా, రెండిటితో జాతి తిరిగి వస్తుందా, తెర మీద కనిపించేవి నిజం తిమింగలాలేనా. మొదటి దాంట్లో సినిమా ఆశ్చర్యపోయేంత సరిగ్గా ఉంది. చిక్కంతా మూడో దాంట్లో ఉంది.

సినిమా చూడనివాళ్లకు రెండు ముక్కల్లో కథ. ఇది 1986 నవంబరులో విడుదలైంది. దర్శకుడు లెనార్డ్ నిమోయ్, స్పాక్ పాత్ర కూడా ఆయనదే. 2286లో ఎక్కడినుంచో వచ్చిన ఒక యంత్రం హంప్‌బ్యాక్ తిమింగలాల పాటతో సముద్రాలను పిలుస్తుంది. బదులు పలకడానికి భూమ్మీద ఒక్క హంప్‌బ్యాక్ కూడా మిగల్లేదు. కథానాయకుడు కిర్క్ బృందం అంతరిక్ష ఓడలో సూర్యుడి చుట్టూ వడిసెల రాయిలా తిరిగి, కాలంలో వెనక్కి వెళ్లి 1986 నాటి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగి, జార్జ్, గ్రేసీ అనే జంటను ఓడలో ఎక్కించుకుని వెళ్తుంది.

ముందు ట్యాంకు. ప్లెక్సిగ్లాస్ (అంటే అక్రిలిక్) ఫ్యాక్టరీలో ఓడ ఇంజనీరు స్కాటీ అడిగే కొలతలు ఇవి: పలక 60 అడుగులు, 10 అడుగులు. ఆపాల్సిన నీరు 18,000 ఘనపుటడుగులు. ఆరంగుళాల మందం కావాలని జవాబొస్తుంది, తన పారదర్శక అల్యూమినియం అయితే ఒక్క అంగుళం చాలంటాడు స్కాటీ. 18,000ను 600తో భాగిస్తే 30 వస్తుంది. అంటే తొట్టి పొడవు 60, వెడల్పు 30, లోతు 10 అడుగులు అనుకోవచ్చు. సముద్రపు నీరు నింపితే సుమారు 522 టన్నులు. అయితే పక్క పలక మీద పడే ఒత్తిడికి ఈ 522 టన్నులతో సంబంధం లేదు. చాలామంది పొరపడేది ఇక్కడే. తొట్టి వెడల్పు 30 అడుగులైనా 300 అడుగులైనా ఒకటే, ఒత్తిడిని నిర్ణయించేది లోతు. పదడుగుల లోతున చదరపు మీటరుకు 3.1 టన్నులు, పైన సున్నా, సగటు తీసుకుంటే పలక మొత్తం మీద దాదాపు 87 టన్నులు.

పైనా కిందా ఆనించిన పలకగా లెక్క వేస్తే, ఆరంగుళాల అక్రిలిక్‌లో వంపు వల్ల వచ్చే ఒత్తిడి 5 మెగాపాస్కల్స్‌లోపు (మెగాపాస్కల్ ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఉంటుంది. అక్రిలిక్ విరిగే బలం దీనికి పది రెట్లకు పైనే. అయినా అంత జాగ్రత్త ఎందుకంటే, బరువు ఎడతెగకుండా మోస్తుంటే అది మెల్లగా సాగుతుంది, పైపొరలో వెంట్రుకంత పగుళ్లు లేస్తాయి. అందుకే పెద్ద అక్వేరియాల్లో మందం ధారాళంగా పెడతారు. మందాన్ని ఆరో వంతుకు తగ్గిస్తే ఒత్తిడి 36 రెట్లవుతుంది, అంటే 170 మెగాపాస్కల్స్ చేరుతుంది. అక్కడ అక్రిలిక్ నిలవదు, మంచి అల్యూమినియం మిశ్రలోహం నిలుస్తుంది. కాబట్టి సినిమాలోని ఆరుకు ఒకటి అనే నిష్పత్తి గాలి మాట కాదు. పారదర్శక అల్యూమినియం పేరుతో చెప్పుకునే అల్యూమినియం ఆక్సినైట్రైడ్ నిజంగానే ఉంది. కానీ అది లోహం కాదు, పింగాణీ జాతిది. పొడిని అచ్చులో నొక్కి తీవ్రమైన వేడిలో కాలుస్తారు. 60 అడుగుల పలక దాంతో రాదు.

ట్యాంకు నిలుస్తుంది గానీ తిమింగలాలు అందులో పట్టవు. హంప్‌బ్యాక్ పక్క రెక్కలు ఒంటి పొడవులో మూడో వంతు దాకా ఉంటాయి. 40 అడుగుల జీవికి ఒక్కో రెక్క 13 అడుగులు. రెండూ చాచి, మధ్యలో ఒంటి వెడల్పు కలిపితే 30 అడుగుల తొట్టి ఒక్కదానికే నిండిపోతుంది. పైగా సగం నిండిన నీళ్ల ట్యాంకరు లారీ మలుపులో ఎలా ఊగుతుందో మీరు చూసే ఉంటారు. ఆ ఊపును ఆపడానికి ట్యాంకరు లోపల అడ్డుపలకలు పెడతారు. తిమింగలాలున్న తొట్టిలో అడ్డుపలకలు పెట్టే వీల్లేదు.

అందుకే నిజంగా తరలించేటప్పుడు అంత నీళ్లు పెట్టరు. కీకో అనే ఓర్కాను (కిల్లర్ వేల్‌ను) 1998లో సి-17 విమానంలో ఐస్‌లాండ్ చేర్చారు. అదే ఏడాది మార్చిలో జేజే అనే బూడిదరంగు తిమింగలం పిల్లను శాన్ డియాగో నుంచి కోస్ట్‌గార్డ్ ఓడ మీద తీసుకెళ్లి సముద్రంలో వదిలారు. అప్పటికి దాని బరువు 8 టన్నులు దాటింది. ఇలాంటప్పుడు పద్ధతి ఇది: రెక్కలు బయటికి వచ్చేలా రంధ్రాలున్న గట్టి గుడ్డ ఉయ్యాల, చర్మం ఎండకుండా తడి, ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెట్టే మనిషి. నీళ్లలో తేలే ఒళ్లు గట్టున సొంత బరువుకే నలుగుతుంది. ఊపిరితిత్తులు నొక్కుకుపోతాయి, నలిగిన కండరాల నుంచి వచ్చే పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, మందపాటి కొవ్వు పొర వల్ల వేడి బయటికి పోదు. మేత గురించి మాత్రం దిగులు లేదు. హంప్‌బ్యాక్‌లు ఈనే వెచ్చని నీళ్లకు వలస పోయినప్పుడు నెలల తరబడి దాదాపు ఏమీ తినవు.

ఇక జాతి సంగతి. గ్రేసీ కడుపుతో ఉంటుంది, తండ్రి జార్జ్. పుట్టే పిల్లలన్నీ సొంత తోబుట్టువులే అవుతాయి. వాటిలో వాటికి కలిస్తే పుట్టే తరంలో రక్తసంబంధ గుణకం 0.25, అంటే ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరు మూలజీవుల నుంచి తర్వాతి తరానికి జన్యు వైవిధ్యంలో 75 శాతం అందుతుందని విని చాలానే కదా అనిపిస్తుంది. కానీ ఏ జన్యువుకైనా మిగిలేది అత్యధికంగా నాలుగు రూపాలే, మిగతావి శాశ్వతంగా పోయినట్టే. గర్భం పదకొండు నెలలకు పైమాట, ఈతకూ ఈతకూ మధ్య రెండు మూడేళ్లు, పిల్ల ఈడుకు రావడానికి అయిదేళ్లయినా కావాలి. ఇంత నెమ్మదిగా పెరిగే జాతిలో రెండు మరణాలు చాలు, లెక్క తలకిందులవుతుంది.

నన్ను మరింత కలవరపెట్టేది పాట. హంప్‌బ్యాక్‌లలో పాడేది మగవే. ఒక ప్రాంతపు మగవన్నీ ఒకే పాట పాడతాయి, ఏడాదికేడాది దాన్ని మార్చుకుంటాయి, ఒకదాన్ని విని మరొకటి నేర్చుకుంటుంది. సినిమాలో జార్జ్ పిల్లగా ఉన్నప్పుడే ఖాతంలోకి దారితప్పి వచ్చి కొలనులో పెరిగాడు. పెద్ద మగవాటి దగ్గర నేర్చుకునే అవకాశం అతనికి ఎక్కడిది? ఆ యంత్రానికి ఏ పాట వినిపించాలి? కథలో నాకు కనిపించే అసలు లోటు ఇది, కాలప్రయాణం కాదు.

ఓడ చేతిలో ఉన్నవాళ్లు తొట్టితో పాటు ఒక ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కు కూడా తీసుకెళ్లాల్సింది. తిమింగలాల నుంచి చిన్న బాణంతో గోరంత చర్మం తీసే పద్ధతి పరిశోధకులకు మామూలే. ఆ ముక్క నుంచి కణాలు పెంచి, గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎమ్ఎస్ఓ అనే ద్రవం పదిశాతం కలిపి, నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున చల్లార్చి, మైనస్ 196 డిగ్రీల్లో దాస్తారు. తొందరపడి చల్లారిస్తే కణం లోపలే మంచు స్ఫటికాలు పుట్టి పొరను చీలుస్తాయి. బయటికి తీసేటప్పుడు మాత్రం 37 డిగ్రీల నీళ్లలో చకచకా కరిగించాలి. యాభై తిమింగలాల నమూనాలు ఒక బిందెలో పడతాయి. గ్రేసీ లాంటి తల్లి లేకపోతే అవి పిండాలు కాలేవు, అందుకే జంటా కావాలి, ఫ్లాస్కూ కావాలి. ఇది ఊహ కాదు. అమెరికాలో నల్లకాళ్ల ఫెరెట్లు (ముంగిసలా కనిపించే చిన్న జంతువులు) ఏడు మూలజీవుల నుంచే వచ్చాయి. 1988లో చనిపోయిన విల్లా అనే ఆడదాని కణాలు దాచి ఉంచితే, 2020 డిసెంబరులో దాని క్లోన్ ఎలిజబెత్ ఆన్ పుట్టింది. మన దగ్గర హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ (అంతరించిపోయే జాతుల పరిరక్షణ ప్రయోగశాల) ఇలాగే వన్యప్రాణుల కణాలు, వీర్యం భద్రపరుస్తోంది. నెహ్రూ జూతో కలిసి మూషిక జింకలను పెంచి అడవిలో వదిలింది కూడా వీళ్లే.

బయటి ప్రపంచంలో హంప్‌బ్యాక్‌ను కాపాడింది వేట నిషేధం. 1966లో వాటి వేటను నిషేధించేనాటికి ఉత్తర పసిఫిక్‌లో వెయ్యికి కాస్త పైగా మిగిలాయని అంచనా. 2004-06 లెక్కింపుకి 20 వేలు దాటాయి. 1987లో సోవియట్ యూనియన్ వాణిజ్య వేట మానేసినప్పుడు ఆ సందర్భంగా మాస్కోలో ఈ సినిమానే ప్రదర్శించారు. మన పశ్చిమ తీరం దాకా తిరిగే అరేబియా సముద్రపు గుంపు మాత్రం ఇంకా వందలోపే. అది మిగతావాటిలా ధ్రువాల వైపు వలస పోదు, బయటి గుంపులతో కలవదు. జార్జ్, గ్రేసీల చిక్కుకు ఇప్పుడు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదే.

చివరి ప్రశ్న. తెర మీద కనిపించేవి చాలామటుకు నాలుగడుగుల యంత్రపు బొమ్మలు, రిమోట్‌తో ఈదేవి. వాటిని ఒక హైస్కూలు ఈతకొలనులో తీశారు. నీళ్లు మరీ తేటగా ఉంటే బొమ్మ చిన్నదని కన్ను ఇట్టే పసిగడుతుంది. అందుకని డయాటమ్ మట్టి (సూక్ష్మ నాచు పెంకుల పొడి) కలిపి కొలనును మసక చేశారు. ఈసారి చూసేటప్పుడు తిమింగలం వెనక నీటిని గమనించమనండి, తోక చివరికి వచ్చేసరికి పలచటి పొగలా మసకబారి ఉంటుంది.